ఆపరేషన్‌కి ముందు కాలేయం మాట



ఈ పూట మీతో మాట్లాడబోయేది సిర్రోసిస్ ఉన్నవాళ్ళ ఆపరేషన్ల గురించి. సిర్రోసిస్ అంటే కాలేయం, అదే మనం లివర్ అంటాం, ఏళ్ళ తరబడి దెబ్బతింటూ, మానుతూ, మళ్ళీ దెబ్బతింటూ, చివరికి మచ్చలు పడి గట్టిపడిపోవడం. నున్నగా, మెత్తగా ఉండాల్సిన అవయవం బుడిపెలు బుడిపెలుగా తయారవుతుంది. అలాంటి కాలేయంతో ఉన్న మనిషికి ఒకరోజు బొడ్డు దగ్గర హెర్నియా వస్తుంది. లేదంటే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు నొప్పి పెడతాయి. లేదంటే స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరుగుతుంది. అప్పుడేం చేయాలి?

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ బల్ల దగ్గర రోగి తలవైపు నిలబడే మనిషిని. సర్జన్ గారి చూపంతా కోసే చోటు మీద ఉంటుంది, ఉండాలి కూడా. గుండె, ఊపిరి, రక్తపోటు, మూత్రం, మిగతా మనిషంతా నా బాధ్యత. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

"చిన్న ఆపరేషనే కదండీ!" అని ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు. అడగడంలో తప్పేమీ లేదు. గాటు చిన్నదైతే ప్రమాదమూ చిన్నదే అని ఎవరైనా అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ విషయంలో అది చాలావరకు నిజమే. సిర్రోసిస్ ఉన్న మనిషి దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాను. మళ్ళీ మళ్ళీ చెబుతాను కూడా, విసుక్కోకండి. ఆపరేషన్ ఎంత పెద్దది అని తర్వాత అడుగుదాం. కాలేయంలో ఎంత సత్తువ మిగిలింది అని ముందు అడుగుదాం.

ఎక్కడో బొడ్డు దగ్గరో, తుంటి దగ్గరో చేసే ఆపరేషన్‌కీ, కాలేయానికీ ఏమిటి సంబంధం? చాలా ఉంది. గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు కాలేయానికే వెళుతుంది. నిమిషానికి సుమారు లీటరున్నర. ఆ రక్తంలో ఎక్కువ భాగం పేగుల నుంచి ఒక పెద్ద సిర ద్వారా వస్తుంది. దాన్ని పోర్టల్ సిర అంటారు. మిగతాది ధమని ద్వారా వస్తుంది. మత్తు ఇచ్చినప్పుడు రక్తపోటు కొంత తగ్గుతుంది. కాలేయానికి వెళ్ళే రక్తం కూడా తగ్గుతుంది. మామూలు కాలేయమైతే సర్దుకుంటుంది. ఒక దారిలో రక్తం తగ్గితే ధమని కాస్త తెరుచుకుని ఆ లోటు పూడుస్తుంది. సిర్రోసిస్ వచ్చిన కాలేయంలో ఈ సర్దుబాటు సన్నగిల్లుతుంది. పైకి ఎంత బాగా కనిపిస్తున్నా, ఒక గంట రక్తపోటు పడిపోతే చాలు, మిగిలిన ఆ కాస్త మంచి భాగమూ ఆక్సిజన్ అందక దెబ్బతినవచ్చు. కాలికి చేసిన ఆపరేషన్ తర్వాత కామెర్లు రావడం అందుకే.

మరో సంగతి. గట్టిపడిన కాలేయంలోంచి పోర్టల్ సిర రక్తం సాఫీగా పోదు. డెల్టా ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పంటకాలువ కింద పూడుకుపోయింది. పైనుంచి వచ్చే నీళ్ళు ఆగవు కదా! మట్టం పెరుగుతుంది. పక్క బోదెల్లోకి ఎక్కుతుంది. గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి పడుతుంది. పొట్టలోనూ అదే జరుగుతుంది. అన్నవాహికలో, జీర్ణాశయంలో, బొడ్డు చుట్టూ, పొట్ట గోడలో మామూలుగా సన్నగా ఉండే సిరలు ఉబ్బిపోతాయి. సర్జన్ కత్తి పెట్టేది ఆ ఉబ్బిన సిరల మధ్యే. మామూలు మనిషిలో నాలుగు చుక్కలు కారే చోట ఇక్కడ రక్తం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికే పొట్టలో నీరు చేరుతుంది. ప్లీహం పెరుగుతుంది. పెరిగిన ప్లీహం, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకుంటుంది.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. యాభై దాటిన రైతు. సాయంత్రం పూట మందు అలవాటు, ఎన్నో ఏళ్ళుగా. బొడ్డు దగ్గర నిమ్మకాయంత వాపు వచ్చింది. దగ్గితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. హెర్నియా అన్నారు. నెప్పి లేదు. "వరి కోతలయ్యాక చేయించేసుకుంటాను" అని ఆస్పత్రికి వచ్చాడు. రక్తపరీక్షలు చేశారు. ఎస్‌జీపీటీ అనే కాలేయ పరీక్ష మామూలుగానే ఉంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. జాగ్రత్తగా వినండి. ఎస్‌జీపీటీ బాగున్నంత మాత్రాన కాలేయం బాగున్నట్టు కాదు. ముదిరిన సిర్రోసిస్‌లో కూడా ఆ అంకె మామూలుగా ఉండొచ్చు. మరి దేన్ని చూడాలి? ప్లేట్‌లెట్లను చూడాలి. లక్షన్నర కంటే తక్కువగా ఉన్నాయా? జ్వరం, డెంగ్యూ ఏమీ లేకుండానే తక్కువగా ఉన్నాయా? అప్పుడు కాలేయం వైపు చూడాలి. రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తి తగ్గిందా, స్కానింగ్‌లో ప్లీహం పెరిగిందా, కాలేయం అంచు గరుకుగా ఉందా, ఇవీ చూడాలి. ఇవేవీ ఖరీదైన పరీక్షలు కావు. మామూలు ఆస్పత్రిలో దొరికేవే. చూడాలన్న ఆలోచన రావడమే ముఖ్యం. ఆ ఆలోచన రాక, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ కోసం పొట్టలోకి కెమెరా పంపినప్పుడు మొదటిసారిగా బుడిపెల కాలేయం తెరమీద కనబడితే, ఆ గదిలో ఉన్న మా అందరికీ గుండె ఝల్లుమంటుంది.

మన రైతుకి ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి. స్కాన్‌లో పొట్టలో నీరు కనిపించింది. అంటే ఆ హెర్నియా ఊరికే రాలేదన్నమాట. లోపలి నీటి ఒత్తిడికి బొడ్డు దగ్గర గోడ వదులై వచ్చింది. పొట్టలో నీరు చేరిన సిర్రోసిస్ రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇలాంటి హెర్నియా వస్తుంది. ఆ నీరు అలాగే ఉంచి కుట్లు వేస్తే ఏమవుతుంది? కుట్ల మధ్య నుంచి నీరు కారుతుంది. గాయం మానదు. నీటిలోకి సూక్ష్మక్రిములు చేరతాయి. హెర్నియా మళ్ళీ వస్తుంది. అందుకని ముందు నీరు తగ్గించాలి, ఆ తర్వాతే కుట్లు. ఉప్పు తగ్గించాలి, మూత్రం ఎక్కువగా పోయే మందులు వాడాలి, అవసరమైతే సూదితో నీరు తీయాలి. ఎక్కువ నీరు తీసినప్పుడు నరానికి అల్బుమిన్ ఎక్కిస్తారు. అది ఎక్కించకపోతే కిడ్నీలు దెబ్బతినవచ్చు.

అయితే "కాలేయ జబ్బు ఉంది కాబట్టి హెర్నియా జోలికే పోవద్దు" అని ఇంటికి పంపేయడమూ సరైన పని కాదు. పాతకాలంలో చాలామంది డాక్టర్లు అలాగే చేసేవాళ్ళు. ఆ వాపు మీద చర్మం రోజురోజుకీ పలచబడుతుంది. నల్లబడుతుంది. పుండు పడుతుంది. ఒకరోజు దగ్గుతో అది పగిలి, లీటర్ల కొద్దీ నీరు బట్టలన్నీ తడిపేస్తూ బయటికొస్తుంది. లేదా పేగు అందులో ఇరుక్కుంటుంది. అప్పుడు అర్ధరాత్రి, ఏ సన్నాహమూ లేకుండా ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ముందుగా అనుకుని, నీరు తగ్గించి, తిండి పెట్టి, పగటిపూట చేసిన ఆపరేషన్‌కీ, అలా పరుగున చేసిన ఆపరేషన్‌కీ ప్రమాదంలో చాలా తేడా ఉంటుంది. చర్మం రంగు మారిందా, పలచబడిందా అని ఇంట్లోవాళ్ళు రోజూ చూడండి. మారితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

సరే, కాలేయంలో ఎంత సత్తువ మిగిలింది? దాన్ని కొలిచేదెలా?

1964లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చైల్డ్, టర్కాట్ అనే ఇద్దరు సర్జన్లు ఒక పద్ధతి చెప్పారు. 1973లో లండన్‌లో ప్యూ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు దాన్ని సరిదిద్దారు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతున్నాం. అందులో ఐదు సంగతులు చూస్తాం. రక్తంలో కామెర్ల అంకె ఎంత? అల్బుమిన్ ఎంత? రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోంది? పొట్టలో నీరుందా? మనిషి తెలివిగా ఉన్నాడా, మగతగా, అయోమయంగా ఉన్నాడా? ఈ ఐదింటినీ కలిపి రోగిని ఏ, బీ, సీ అని మూడు తరగతుల్లో ఒకదానిలో చేరుస్తాం. ఏ అంటే కాలేయం ఇంకా నెట్టుకొస్తోంది. బీ అంటే తడబడుతోంది. సీ అంటే చేతులెత్తేసింది.

ఆ తరగతుల తేడా ఎంతో వినండి. 1984లోనూ 1997లోనూ అమెరికా నుంచి రెండు అధ్యయనాలు వచ్చాయి. పొట్ట కోసి ఆపరేషన్ చేసిన సిర్రోసిస్ రోగుల్ని లెక్కించారు. ఏ తరగతిలో నూటికి సుమారు పదిమంది చనిపోయారు. బీ తరగతిలో ముప్ఫైమంది. సీ తరగతిలో డెబ్భై అయిదు దాటింది. మళ్ళీ చెబుతున్నాను. ఏలో పది, బీలో ముప్ఫై, సీలో నూటికి డెబ్భై అయిదు మందికి పైనే. ఆ తర్వాత రోజులు మారాయి. మత్తు మందులు మెరుగయ్యాయి. చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ వాడకం పెరిగింది. ఏ తరగతి వాళ్ళకి, ఇంకా కొందరు బీ వాళ్ళకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు ఇప్పుడు చాలా భద్రంగా చేయగలుగుతున్నాం. అంకెలు తగ్గాయి. ఏకీ సీకీ మధ్య ఉన్న అగాధం మాత్రం అలాగే ఉంది. సీ తరగతిలో ఉన్నవాళ్ళకి, ప్రాణం మీదికి వస్తే తప్ప, ఆగగలిగిన ఏ ఆపరేషనూ చేయకూడదు. తాగుడు వల్ల కాలేయం ఉన్నట్టుండి వాచిపోయిన రోజుల్లోనూ అంతే. కామెర్లు కొత్తగా వచ్చిన వారాల్లోనూ అంతే. ఆగాలి.

మెల్డ్ అనే ఇంకో లెక్క ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు తయారు చేశారు. కామెర్ల అంకె, కిడ్నీ అంకె, రక్తం గడ్డకట్టే అంకె, ఈ మూడింటినీ కలిపి చూస్తుంది. ఆ మేయో క్లినిక్ వాళ్ళే 2007లో ఇంకో మాట చెప్పారు, మీరు గుర్తుపెట్టుకోవాల్సింది అది. ఆపరేషన్ తర్వాతి ప్రమాదం వారంతోనో పది రోజులతోనో తీరిపోదు. మూడు నెలల దాకా ఉంటుంది. కుట్లు విప్పారు కదా, ఇక భయం లేదు అనుకోకండి. మూడు నెలలు కనిపెట్టుకుని ఉండాలి.

ఇప్పుడు రక్తం సంగతి. "రక్తం పలచబడిందట, ప్లాస్మా బ్యాగులు తెమ్మన్నారు" అని పరుగులు తీసే బంధువుల్ని చూస్తుంటాను. పాపం, ఎంత కష్టపడతారో! ఇందులో ఒక చిక్కుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థాల్ని దాదాపు అన్నింటినీ కాలేయమే తయారు చేస్తుంది. గడ్డ మితిమీరకుండా ఆపే పదార్థాల్నీ కాలేయమే తయారు చేస్తుంది. సిర్రోసిస్‌లో ఆ రెండూ తగ్గుతాయి. ఐఎన్ఆర్ అనే పరీక్ష మొదటి రకాన్ని మాత్రమే చూస్తుంది. అందుకే కాగితం మీద భయపెట్టే అంకె కనబడినా, ఒంట్లో ఒక రకమైన సమతూకం ఉండొచ్చు. అదే మనిషికి రక్తస్రావమూ కావచ్చు, సిరలో గడ్డా కట్టవచ్చు. ఆ అంకెను సరిచేయాలని బ్యాగు మీద బ్యాగు ప్లాస్మా ఎక్కిస్తే ఒంట్లో ద్రవం పెరుగుతుంది, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తం కారడం ఇంకా ఎక్కువ కావచ్చు. కాబట్టి డాక్టరు "ఇప్పుడే ప్లాస్మా వద్దు, చూద్దాం" అంటే నిర్లక్ష్యం అనుకోకండి. పన్ను పీకించుకోవాలన్నా సరే, కాలేయ జబ్బుందని ముందే చెప్పండి. పన్ను పీకిన చోట రాత్రంతా రక్తం ఊరుతూ ఉంటే నోరంతా నిండిపోయి, తెల్లవారేసరికి ఆస్పత్రికి వచ్చేవాళ్ళున్నారు.

"వెన్నుకి ఇంజెక్షన్ ఇస్తే చాలు కదా, పూర్తి మత్తు ఎందుకు?" అని కూడా అడుగుతారు. చాలామందికి అది మంచి మార్గమే. ప్లేట్‌లెట్లు మరీ తక్కువుంటే మాత్రం వెన్నులో సూది గుచ్చిన చోట రక్తం గూడుకట్టి, నరాల్ని నొక్కి, కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంటుంది. అప్పుడు పూర్తి మత్తే మేలు. అందులోనూ మందులు ఎంచుకుంటాం. అట్రాక్యూరియం అని కండరాల్ని సడలించే మందుంది. కాలేయం సాయం అక్కర్లేకుండా రక్తంలో తనంతట తానే విడిపోతుంది. నిద్రమందులు, మార్ఫిన్ లాంటివి అలా కాదు. కాలేయం విడగొట్టలేకపోతే ఒంట్లోనే ఉండిపోతాయి. మామూలు మనిషి రెండు గంటల్లో లేస్తే, సిర్రోసిస్ ఉన్న మనిషి మర్నాటికి గానీ లేవకపోవచ్చు.

ఇక తాగుడు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని దాచడం వల్ల పోయే ప్రాణాలున్నాయి.

ఆపరేషన్‌కి ముందు రోజు రోగిని అడుగుతాను, "మందు అలవాటుందా?" అని. పక్కన అల్లుడుంటాడు, వియ్యంకుడుంటాడు. "అబ్బే, ఎప్పుడైనా పండక్కి" అంటాడు. నేను వరండాలోకి వచ్చాక వెనకే ఆయన భార్య వస్తుంది. గొంతు తగ్గించి, "రోజూ తాగుతారండీ. ఆయనతో అనకండి" అంటుంది. ఆ తల్లి చెప్పిన ఆ ఒక్క ముక్క ఎన్ని స్కానింగుల కంటే విలువైనదో చెప్పలేను. ఎందుకంటారా? రోజూ తాగే మనిషి ఆస్పత్రిలో చేరగానే తాగుడు ఆగిపోతుంది. రెండు మూడు రోజులకి చేతులు వణుకుతాయి. లేనివి కనబడతాయి. మంచం మీంచి లేచి పారిపోబోతాడు, ట్యూబులు లాగేస్తాడు. దానికి నిద్రమందులాంటి మందు ఇవ్వాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే, కాలేయం చెడి ఒంట్లో విషపదార్థాలు మెదడుకి చేరినా మనిషి అయోమయంగా మాట్లాడతాడు, చేతులు ఊగుతాయి. దానికి అదే నిద్రమందు ఇస్తే కోమాలోకి వెళ్ళవచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందులు పూర్తిగా వేరు. ఏది ఏదో తేల్చుకోవాలంటే నాకు నిజం తెలియాలి. దయచేసి చెప్పండి. అందరి ముందూ చెప్పలేకపోతే వరండాలోకి వచ్చి చెప్పండి. మేము ఎవర్నీ తప్పుపట్టం.

ఆపరేషన్ ఆగగలిగినదైతే, ముందు తాగుడు మానేసి కొన్ని నెలలు ఆగితే కాలేయం ఎంత కోలుకుంటుందో చూసి ఆశ్చర్యపోతారు. సీ తరగతిలో ఉన్న మనిషి బీకి, బీలో ఉన్నవాడు ఏకి రావడం నేను చూశాను. అందరికీ కాదు, కానీ చాలామందికి. హెపటైటిస్ బీ, సీ వైరస్‌ల వల్ల వచ్చిన సిర్రోసిస్ అయితే వాటికి మందులున్నాయి. సీ వైరస్‌ని మూడు నెలల మాత్రలతో చాలామందిలో పూర్తిగా పోగొట్టవచ్చు. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో వీటికి పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు. షుగరు, ఒళ్ళు పెరగడం వల్ల కొవ్వు పట్టిన కాలేయం ముదిరి సిర్రోసిస్ అయినవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో బాగా కనిపిస్తున్నారు. వీళ్ళలో ఎన్నడూ చుక్క ముట్టని ఆడవాళ్ళు కూడా ఉన్నారు. "మా అమ్మ తాగదు కదా, కాలేయానికేం?" అనుకోకండి.

తిండి దగ్గరికి వద్దాం. ఇందాక చెప్పిన చైల్డ్ గారి తొలి లెక్కలో రోగి ఒంటి పుష్టి కూడా ఒక అంశంగా ఉండేది. ప్యూ దాన్ని తీసేసి రక్తపరీక్ష పెట్టారు, కొలవడం తేలిక కాబట్టి. లెక్కలోంచి తీసేసినంత మాత్రాన దాని ప్రాముఖ్యం పోలేదు. కండ కరిగిపోయిన సిర్రోసిస్ రోగికి గాయం మానదు, దగ్గే ఓపిక ఉండదు, నిమ్ము చేరుతుంది. మన ఇళ్ళలో మాత్రం కాలేయ జబ్బు అనగానే పత్యం మొదలుపెడతారు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు, చేప వద్దు. చారన్నం, లేదా బ్రెడ్డు, కొబ్బరినీళ్ళు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ ప్రేమ మనిషిని ఎండగడుతోంది. మాంసకృత్తులు మానేయాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు డాక్టర్లం దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెబుతున్నాం. రోగి బరువు అరవై కిలోలైతే రోజుకి డెబ్భై నుంచి తొంభై గ్రాముల మాంసకృత్తులు అందాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, కోడి, ఏది ఇష్టమైతే అది పెట్టండి. తగ్గించాల్సింది ఉప్పుని. ఆవకాయ, ఊరుమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు, ఇవి పక్కన పెట్టండి. రోజు మొత్తానికి ఒక చెంచా ఉప్పుకి మించకూడదు.

ఇంకో సంగతి. జబ్బు కాలేయం పిండిపదార్థాన్ని నిల్వ ఉంచుకోలేదు. రోగి రాత్రి ఎనిమిదికి తిని పొద్దున ఎనిమిది దాకా ఏమీ తినకపోతే, ఆరోగ్యంగా ఉన్నవాడు రెండు మూడు రోజులు పస్తున్నట్టు ఆయన ఒళ్ళు సొంత కండనే కరిగించుకుంటుంది. కాబట్టి పడుకునే ముందు మళ్ళీ కొంచెం తినాలి. ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, లేదా కాస్త పెరుగన్నం. షుగరున్నవాళ్ళు డాక్టర్ని అడిగి తినండి. ఆపరేషన్ రోజు కూడా అనవసరంగా మధ్యాహ్నం దాకా కడుపు మాడ్చకుండా ఆయన్ని మొదటి కేసుగా పెట్టమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

నొప్పి మాత్రల సంగతి తప్పకుండా చెప్పాలి. కాలేయ జబ్బున్నవాళ్ళు పారాసిటమాల్ అంటే భయపడతారు, దాని బదులు డైక్లోఫెనాక్ ఇంజెక్షనో ఇబుప్రొఫెన్ మాత్రో వేసుకుంటారు. పూర్తిగా తలకిందులు చేశారు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి సిర్రోసిస్ ఉన్నవాళ్ళ కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. జీర్ణాశయంలో రక్తస్రావం చేస్తాయి. పొట్టలో నీరు ఉన్న మనిషికి ఒక్క రెండు రోజుల ఇంజెక్షన్లతో మూత్రం ఆగిపోవచ్చు. తక్కువ మోతాదులో పారాసిటమాల్ భద్రమైనది. అయిదు వందల మిల్లీగ్రాముల మాత్రలు, రోజు మొత్తానికి నాలుగు దాటకుండా. పసర్లు, చూర్ణాలు, ఆపరేషన్ ముందూ వద్దు, తర్వాతా వద్దు. వాటిలో ఏముందో తెలియకుండా బలహీనమైన కాలేయం మీద ఇంకో బరువు పెట్టడం ఎందుకు?

ఇప్పుడు మన రైతుకి ఆపరేషన్ అయింది. మొదటి రెండు రోజులూ బాగున్నాడు. నవ్వుతూ మాట్లాడుతున్నాడు. చూడటానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. మూడో రోజు నుంచే మీరు కళ్ళు తెరుచుకుని ఉండాలి. పగలు మగతగా ఉండి రాత్రి మేలుకుంటున్నాడా? అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతున్నాడా? చేతులు ముందుకి చాపమంటే మణికట్లు ఊగుతున్నాయా? వెంటనే నర్సుకి చెప్పండి. "ఆపరేషన్ నీరసం" అని వదిలేయకండి. మలబద్ధకం చాలు, విషపదార్థాలు మెదడుకి చేరే ఈ స్థితి తెచ్చిపెట్టడానికి. అందుకే లాక్టులోజ్ అనే తియ్యటి మందు తాగిస్తాం. రోజుకి రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం కావాలి. "విరేచనాలవుతున్నాయి" అని మీ అంతట మీరు ఆ మందు ఆపేయకండి. అది పనిచేస్తున్నదనడానికి గుర్తే అది. మరీ నీళ్ళలా పోతుంటే మాత్రం డాక్టరుకి చెప్పండి.

మూత్రం తగ్గిందా? పొట్ట మళ్ళీ పెరుగుతోందా? కట్టు మీద పసుపుపచ్చ నీటి మరక కనిపించిందా? జ్వరం వచ్చిందా? మలం తారులా నల్లగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఈ రోగుల్లో ఎక్కువ నష్టం చేసేది ఇన్‌ఫెక్షన్. వాళ్ళకి జ్వరం పెద్దగా రాకపోవచ్చు కూడా. మనిషి మామూలుగా లేడు అని మీకు అనిపించిందంటే, ఆ అనుమానాన్ని నమ్మండి. రోజూ చూసే ఇల్లాలికి తెలిసింది మానిటర్‌కి తెలియదు.

ఆగగలిగినవి ఏవి, ఆగలేనివి ఏవి అని అడుగుతారు. నొప్పి పెట్టని గాల్‌బ్లాడర్ రాళ్ళు సిర్రోసిస్‌లో చాలామందికి ఉంటాయి. స్కాన్‌లో కనబడ్డాయని తీయించుకోనవసరం లేదు. కంటి శుక్లం ఆపరేషన్‌కి కాలేయం పెద్దగా అడ్డు రాదు, భయపడి చూపు పోగొట్టుకోకండి. తుంటి విరిగితే మాత్రం ఆగడానికి లేదు, మంచంలో పడి ఉండటమే ఎక్కువ ప్రమాదం. పేగు ఇరుక్కున్నా, రక్తస్రావం అవుతున్నా అంతే. కాలేయ మార్పిడి చేయించుకోవాల్సిన స్థాయిలో ఉన్న రోగి అయితే, వేరే ఏ పొట్ట ఆపరేషన్‌కైనా ముందు ఆ మార్పిడి చేసే డాక్టర్లని ఒకసారి అడగాలి. లోపల ఒకసారి కోసిన చోట పేగులూ పొరలూ అతుక్కుని, తర్వాత మార్పిడి ఆపరేషన్ కష్టమవుతుంది. కొన్నిసార్లు హెర్నియాని మార్పిడితో పాటే సరిచేస్తారు. జీవన్‌దాన్ ద్వారా అవయవాల కోసం నమోదు చేసుకునే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది.

మరోసారి ఆ మాటే. ఆపరేషన్ ఎంత పెద్దది అని తర్వాత. కాలేయంలో ఎంత సత్తువ మిగిలింది అని ముందు. "నేను ఏ తరగతిలో ఉన్నాను? ఏనా, బీనా, సీనా?" అని డాక్టర్ని నోరు తెరిచి అడగండి. "కొన్నాళ్ళు ఆగితే మేలా?" అని అడగండి. "అత్యవసరమైతే ఈ ఆస్పత్రిలో ఐసీయూ, రక్తం, కాలేయ డాక్టరు ఉన్నారా?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబు చెప్పే చోటే ఆపరేషన్ చేయించుకోండి.

మీ ఇంట్లో కాలేయ జబ్బు ఉన్నవాళ్ళుంటే, ఈ రోజే వాళ్ళ పాత రిపోర్టులు, స్కాన్‌లు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో చేర్చి పెట్టండి. ఏ ఆస్పత్రికి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా సరే, ముందుగా ఆ సంచి డాక్టరు బల్ల మీద పెట్టి, "మాకు కాలేయ జబ్బుంది" అని చెప్పండి.